నాన్న స్థలం అమ్మి నా బ్యాలే కంపెనీని నిలబెట్టుకోనా?

ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్ ప్రాంతం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆవిడకి తెలుగు మాట్లాడటం బాగానే వచ్చు, రాయడం రాదు. తను చెబుతుంటే వాళ్ళమ్మగారు రాసిపెట్టారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ తండ్రి గుంటూరులో వైద్యం చదివి ఇంగ్లండ్ వెళ్ళి స్థిరపడిన డాక్టరు. ఈవిడ అక్కడే పుట్టారు. ఐదేళ్ళప్పుడు పక్కవీధి చర్చి హాల్లో బ్యాలే (యూరప్ శాస్త్రీయ నృత్యం) క్లాసులో వేశారు. పదకొండేళ్ళకి హాస్టల్లో ఉంచి నేర్పే బ్యాలే స్కూల్లో సీటు వచ్చింది. తర్వాత జర్మనీలో ఒక ఊరి ఒపెరా హౌస్‌లో, ఆపైన బ్రిటన్‌లో టూర్లు తిరిగే ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. చీలమండకి రెండు ఆపరేషన్లయ్యాక 34వ ఏట స్టేజి దిగారు. నాలుగేళ్ళ కిందట సొంత కంపెనీ పెట్టారు. పద్నాలుగు మంది డాన్సర్లు, ఒక వ్యాను, రికార్డు చేసిన సంగీతం. పెద్ద కంపెనీలు అడుగుపెట్టని చిన్న ఊళ్ళకి అచ్చమైన క్లాసికల్ బ్యాలే తీసుకెళ్ళాలన్నది ఆశయం. వసంతంలో స్వాన్ లేక్, శరత్తులో జిజెల్, డిసెంబర్లో నట్‌క్రాకర్ ఆడతారు.

డిసెంబర్లో హాళ్ళు నిండుతున్నాయి. వసంతం టూరు మాత్రం నష్టాలే తెస్తోంది. ఈసారి డిసెంబర్ మిగులంతా తినేసి, పైన అప్పు కూడా మిగిల్చింది. గుంటూరు శివార్లలో ఉన్న స్థలం అమ్మి ఆ డబ్బు ఇస్తానని తండ్రి అంటున్నారు. “చెల్లెలి సరదాకి మన ఆస్తి కరిగించాలా?” అని అన్నగారి కోపం. కంపెనీ పెట్టినప్పుడు ఏడాదిపాటు జీతం తీసుకోకుండా పక్కన నిలబడిన స్నేహితురాలికి ఇప్పుడు నలభై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అయినా రాబోయే జిజెల్ బ్యాలేలో ముఖ్యపాత్ర జిజెల్ తనదేనని ఆమె నమ్మకం. ఆమెకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మరోపక్క, నిధులిచ్చే సంస్థల వాళ్ళూ థియేటర్ల వాళ్ళూ “మీరు భారతీయులు కదా, భారతీయ కథేదైనా చేయరేం?” అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ముల్లు గుచ్చుకున్నట్టుంటోందట. చిన్నప్పుడు, కాలివేళ్ళ కొసల మీద నిలబడి ఆడటానికి వేసుకునే గులాబీ రంగు పాయింట్ షూస్‌ని తన ఒంటి రంగుకి తెచ్చుకోవడానికి స్పాంజితో ఫౌండేషన్ అద్దుకునేవారు. ఇప్పుడు తన కంపెనీలో ఇద్దరమ్మాయిలు షో ముందు మెట్ల మీద కూర్చుని అదే పని చేస్తుంటే చూసి ఊరుకోలేకపోతున్నానంటారు. ఆరేళ్ళ పాప టూర్ల రోజుల్లో అమ్మమ్మ దగ్గర ఉంటోంది. భర్త ఏమీ అనడు, ఆ అనకపోవడమే భయంగా ఉందట.

స్థలానికి బేరం వచ్చిందని తండ్రి ఫోన్ చేసినప్పుడు ఆవిడ ఒక సముద్రతీరపు ఊళ్ళో, స్టేజి మీద మోకాళ్ళు ఆనించి, నల్ల వినైల్ నేల అతుకులకి టేపు అంటిస్తున్నారు. “తర్వాత మాట్లాడతా నాన్నా” అని పెట్టేశారు. ఆ తర్వాత డాన్సర్లకి క్లాసు చెప్పి, ఊడిన హంస ఈకలు కుట్టి, షో నడుస్తుండగా టికెట్ల లెక్క చూసి, అర్ధరాత్రి వ్యాను నడుపుకుంటూ తర్వాతి ఊరు చేరారు. “కాళ్ళు నెత్తురోడుతున్నా నవ్వడం నేర్పారు నాకు. ఇప్పుడూ అదే చేస్తున్నాను. ఇంకెంతకాలం చేయగలనో తెలియడం లేదు” అని ముగించారు.

జవాబు:

అమ్మా, మీరు చివర్లో అన్న ఆ మాటలోనే మీ చిక్కు మొత్తం ఉంది. నొప్పిని మొహంలో కనపడనివ్వకపోవడం డాన్సరుకి గొప్ప విద్య. ప్రేక్షకుడు డబ్బిచ్చి చూసేది ఆ తేలికనే. కంపెనీ నడిపే మనిషికి మాత్రం ఆ విద్యే ఎదురు తిరుగుతుంది. మీరు నొప్పి దాచడంవల్ల మీ స్నేహితురాలికి తన మోకాళ్ళ గురించి మీరేమనుకుంటున్నారో తెలియదు. థియేటర్ వాళ్ళకి మీరు వాళ్ళ ఊళ్ళో ఆడి నష్టపోయారని తెలియదు. మీకు ఎంత అప్పుందో నాన్నగారికి తెలియదు, అందుకే స్థలమంతా అమ్మేస్తానంటున్నారు. మీ భర్త మౌనం గురించి నాకు రాశారు కానీ, మీరు ఆయనకి లెక్కలు చూపించినట్టు ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. కింద నేను చెప్పే దారుల్లో ఏది పట్టుకున్నా, ముందు మీరు నోరు విప్పి “ఇక్కడ నొప్పిగా ఉంది” అనాల్సిందే.

మొదట వసంతం టూరు సంగతి చూద్దాం. రోగం ఉన్నది అక్కడే. స్థలం గొడవ దాని లక్షణం మాత్రమే.

మీరు చాలాచోట్ల టికెట్ల వసూలులో వాటా పద్ధతి మీద ఆడుతున్నారని రాశారు. అంటే హాలు ఖాళీగా ఉంటే ఆ దెబ్బ ముఖ్యంగా మీకే. కానీ పద్నాలుగు మంది జీతాలు, బస, వ్యాను, డీజిలు హాలు నిండినా నిండకపోయినా ఒకటే. మూడు నాలుగు వందల సీట్ల హాల్లో హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినా ఈ ఖర్చు రాకపోవచ్చు. నృత్యనాటక బృందాల వెంట తిరిగినవాళ్ళెవరికైనా తెలిసిన విషయమే ఇది. చప్పట్లు బాగా పడిన ఊరే లెక్కల్లో ముంచిన ఊరు కావచ్చు. ఊరూరికీ విడివిడిగా లెక్క తీయండి. ఏ ఊరు మిగిల్చింది, ఏది తిన్నది, ఎందుకు తిన్నది అన్నది కాగితం మీద పెట్టండి. తర్వాత థియేటర్లతో కూర్చుని వాటా బదులు ఒక గ్యారంటీ మొత్తం అడగండి. ముందు గ్యారంటీ, దాని పైన వచ్చినదాంట్లో వాటా అన్నా సరే. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోని ఊళ్ళు వదులుకోవాల్సి వస్తుంది, వాటిలో మీకు ఇష్టమైనవీ ఉంటాయి. పెద్ద కంపెనీలు రాని ఊళ్ళకే వెళ్తానన్న మీ ఆశయానికి ఇది దెబ్బే, కాదనను. కానీ మీరు మునిగిపోతే ఆ ఊళ్ళకి అసలెవరూ రారు.

ఇంకో దారి, వసంతంలో ఆడే బ్యాలేనే మార్చడం. పెద్ద కంపెనీల్లో రెండు డజన్ల హంసలు ఒక్కసారిగా తెల్లగా కదులుతుంటే చూసిన కళ్ళకి, మీ ఎనిమిది హంసలు ఎంత బాగా చేసినా వెలితి కనపడుతుంది. అదే 1870లో పారిస్‌లో పుట్టిన కొపేలియా అయితే పల్లెటూరి కథ, హాస్యం ఉంది, బొమ్మలు చేసే ముసలాయన కొట్టు ఉంది. చిన్న స్టేజి మీద చక్కగా ఒదుగుతుంది. లేకపోతే ఒక్కో అంకం చొప్పున రెండు చిన్న బ్యాలేలు. చిక్కల్లా ఏమిటంటే, స్వాన్ లేక్ అన్న పేరుకే టికెట్లు తెగుతాయి. కొపేలియా పేరు ప్రతి ఊళ్ళోనూ చెప్పి అమ్మాలి. అందుకే ఈ మార్పు గ్యారంటీ ఇచ్చే థియేటర్లలోనే చేస్తే మంచిది. నట్‌క్రాకర్ మీద ఆధారపడటం చిన్నతనంగా ఉందని మీ ఉత్తరంలో ఒకచోట అన్నారు. 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడినప్పుడు విమర్శకులకి పెద్దగా నచ్చని ఆ బ్యాలే ఇప్పుడు ఎన్ని కంపెనీలకి ఏడాది తిండి పెడుతోందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే 1950లో పుట్టినప్పటినుంచీ ఏటా ఏదో ఒక రూపంలో దాన్ని ఆడుతూనే ఉంది. అందులో నామోషీ ఏమీ లేదు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనపడని విషయం ఒకటుంది, థియేటర్ ట్యాక్స్ రిలీఫ్, అంటే రంగస్థల ప్రదర్శనల తయారీ ఖర్చు మీద ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ. బ్రిటన్‌లో ఇది 2014 నుంచి ఉంది, బ్యాలేకి వర్తిస్తుంది. టూరు ప్రదర్శనలకి 45 శాతం రేటును 2025 ఏప్రిల్ నుంచి శాశ్వతం చేశారు. కనీసం ఆరు వేర్వేరు చోట్ల ఆడినా, లేదా రెండు చోట్లయినా సరే మొత్తం పద్నాలుగు ప్రదర్శనలు ఇచ్చినా టూరు కిందే లెక్క. ఇది రిహార్సల్ జీతాలు, సెట్లు, దుస్తుల్లాంటి తయారీ ఖర్చుకే వర్తిస్తుంది, రోజువారీ ప్రదర్శన ఖర్చుకి కాదు. లాభం లేకపోయినా కొంత సొమ్ము చేతికొచ్చే వీలుంది. అయితే ప్రొడక్షన్ రిజిస్టరైన కంపెనీ పేరు మీద ఉండాలి. మీ అకౌంటెంటు దీన్ని క్లెయిము చేశారో లేదో ఈ వారమే అడగండి. థియేటర్ల లెక్కలు తెలియని అకౌంటెంటు అయితే మార్చండి. ఈ సంగతి తేలకముందే గుంటూరులో గజం స్థలం కూడా కదలకూడదని నా అభిప్రాయం.

ఇక నాన్నగారి డబ్బు. మీకన్నా ముందు ఇంగ్లండ్‌లోనే ఒకావిడ ఈ దారిలో నడిచారు. మోనా ఇంగ్లెస్‌బీ అనే డాన్సరు 1941లో, యుద్ధం మధ్యలో, ఇరవైల్లో ఉండగానే ఇంటర్నేషనల్ బ్యాలే అనే కంపెనీ పెట్టారు. పెట్టుబడి తండ్రిదే. పీటర్స్‌బర్గ్ నుంచి బ్యాలేల నృత్యలిపి ప్రతులు వెంట తెచ్చుకున్న నికొలాయ్ సెర్గేయెవ్‌ని పక్కన పెట్టుకుని, అసలైన క్లాసిక్స్‌ని ఊరూరా, చివరికి సినిమా హాళ్ళలో కూడా ఆడించారు. తామే ముఖ్య పాత్రలు వేసేవారు. పన్నెండేళ్ళు నడిచి, 1953లో డబ్బు చాలక మూతపడింది. ఆవిడ కాపాడిన ఆ ప్రతులు ఇప్పుడు హార్వర్డ్‌లో ఉన్నాయి. క్లాసిక్స్‌ని పాత పద్ధతిలో మళ్ళీ కట్టాలనుకునేవాళ్ళు నేటికీ వాటినే తెరుస్తారు. తండ్రి డబ్బు వృథా అయిందని నేను అనను. ఆ డబ్బు కంపెనీని మొదలుపెట్టగలిగింది, నిలబెట్టలేకపోయింది. మీకూ ఈ తేడా ముఖ్యం. ఏటా చిల్లు పడుతున్న చోట స్థలం డబ్బు పోస్తే, ఏ టూరుకి ఆ టూరు గడుస్తుంది. రెండేళ్ళ తర్వాత అదే చిల్లు ఉంటుంది, స్థలం ఉండదు.

పూర్తిగా వద్దనడం మీ చేతిలో ఉన్న ఒక దారి. అప్పుడు వచ్చే వసంతం టూరు ఉండదు, ఇద్దరు ముగ్గురు డాన్సర్లు వేరే పని వెతుక్కుంటారు, అన్నయ్యతో మాటలు మాత్రం తెగిపోవు. తీసుకోవడం రెండో దారి. అలా అయితే పాత అప్పుకి కాకుండా ఒక కొత్త ప్రొడక్షన్‌కి మాత్రమే, ఇంత అని రాసుకుని తీసుకోండి. నాన్నగారు దాన్ని కానుకగా ఇస్తున్నారా, అప్పుగానా, లేక రేపు మీకు రావాల్సిన వాటాలోంచి ముందుగానా అన్నది నలుగురూ ఉన్నప్పుడు తేల్చి కాగితం మీద పెట్టండి. ఆ స్థలం నాన్నగారు స్వయంగా కొన్నదైతే ఇష్టమొచ్చినట్టు ఇచ్చే హక్కు ఆయనకుంది. తాతగారినుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే అన్నగారికీ మీకూ హక్కులు ఉండొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనూ, దేశమంతటా 2005లోనూ చేసిన చట్టసవరణలు ఆడపిల్లకి ఆ హక్కు ఇచ్చాయి. గుంటూరులో ఒక లాయరుకి పత్రాలు చూపించండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు స్థలం అమ్మితే పన్ను ముందే పట్టుకుంటారు, సొమ్ము బ్యాంకు దాటి రావడానికీ సమయం పడుతుంది. మీకు అవసరమైన నెలకి ఆ డబ్బు చేతికి రాకపోవచ్చు కూడా.

అన్నగారి “సరదా” అన్న మాట మిమ్మల్ని కాల్చిందని తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఒళ్ళు అరగదీసుకున్న పనిని సరదా అంటే ఎవరికైనా మండుతుంది. కానీ ఆ మాట వెనక ఉన్న భయం అబద్ధం కాదు. అమ్మానాన్నల పెద్దతనం ఎవరు చూస్తారు, ఏ డబ్బుతో చూస్తారు అన్నది ఆయన ప్రశ్న. మాటకి మాట అనకుండా ఊరూరి లెక్కల కాగితం ఆయనకి పంపండి. ఆయన చదువుతారో లేదో మన చేతుల్లో లేదు.

సొంతవాళ్ళ డబ్బు వద్దనుకుని పెద్ద దాత కోసం చూస్తే అక్కడా ఒక మెలిక ఉంటుంది. అమెరికాలో రాబర్ట్ జాఫ్రీ అనే ఆయన నడిపిన బ్యాలే కంపెనీకి రెబెకా హార్క్‌నెస్ అనే ధనవంతురాలు 1962 నుంచి ఉదారంగా డబ్బు పెట్టింది. 1964లో కంపెనీకి తన పేరు పెట్టమంది. జాఫ్రీ కాదన్నాడు. ఆవిడ మద్దతు ఆపేసి, సొంత కంపెనీ పెట్టి, అతని డాన్సర్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది. ఆయన ఏడాదికల్లా మళ్ళీ మొదలుపెట్టాడు, అది వేరే సంగతి. దాతృత్వ సంస్థగా రిజిస్టర్ చేయించి ట్రస్టీల బోర్డు పెట్టుకుంటే ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది. గ్రాంట్లు అడగొచ్చు, ఇచ్చిన విరాళాల మీద గిఫ్ట్ ఎయిడ్ (దాత కట్టిన పన్నులోంచి ప్రభుత్వం సంస్థకి ఇచ్చే సొమ్ము) వస్తుంది, లెక్కలు చూసే ఇంకో నాలుగు కళ్ళు దొరుకుతాయి. కానీ కంపెనీ ఇక మీ సొంతం కాదు. ఏం ఆడాలో మీరు చెప్పినా, మిమ్మల్ని ఉంచాలా తీయాలా అన్నది బోర్డు చెబుతుంది. పిల్లని కన్న తల్లిలా కంపెనీని చూసుకుంటున్న మీకు ఇది మింగుడుపడటం కష్టం. అయినా మీ ఉత్తరం మొత్తంలో “ఎవరితో మాట్లాడాలో తెలియక” అన్న మాట పదే పదే వచ్చింది కాబట్టి ఈ దారిని తోసిపుచ్చొద్దంటున్నాను. ఏ దారి తీసుకున్నా మీ ఇంటిని మాత్రం కంపెనీ అప్పుకి హామీ పెట్టకండి. అప్పులు తీర్చే దారి లేదని తెలిసీ కంపెనీ నడిపిస్తే డైరెక్టరు మీదే సొంతంగా బాధ్యత పడే వీలు అక్కడి 1986 దివాలా చట్టంలో ఉందన్నది గుర్తుంచుకోండి.

స్నేహితురాలి విషయం రాయడానికి నాకూ కష్టంగా ఉంది. వయసు ఒక్కటే కొలత కాదు. బ్రిటన్ మేటి బ్యాలే నర్తకి మార్గో ఫాంటేన్ 1962లో తనకన్నా బాగా చిన్నవాడైన డాన్సరు నూరియెవ్‌తో మొదటిసారి జిజెల్ చేసినప్పుడు ఆవిడకి 42 ఏళ్ళు, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆడారు. కాబట్టి “నీకు నలభై వచ్చాయి” అన్న మాట మీ నోట రాకూడదు. కొలత మోకాళ్ళది. మొదటి అంకంలో ఒంటికాలి మీద స్టేజి దాటే ఆ గెంతులు, రెండో అంకంలో బరువే లేనట్టు పైకి లేవాల్సిన దూకులు, ఇవి వారానికి ఎన్ని రాత్రులు చేయగలదు? ఆమెనే అడగండి. మీరు జవాబు ముందే నిర్ణయించుకుని అడిగితే ఆమెకి తెలిసిపోతుంది. కొన్ని ఊళ్ళలో ఆమె, మిగిలిన ఊళ్ళలో చిన్నమ్మాయి చేయొచ్చు. ఆమె జిజెల్ చూడటానికే వచ్చేవాళ్ళున్న రెండు మూడు ఊళ్ళు ఆమెకే ఉంచి, అవి వీడ్కోలు ప్రదర్శనలని ప్రకటించొచ్చు. లేదా ఇప్పుడే ఆమె రిహార్సల్ డైరెక్టరుగా మారి ఆ పాత్రని చిన్నమ్మాయికి నేర్పొచ్చు. బ్యాలే ఒక ఒంటినుంచి ఇంకో ఒంటికి వెళ్ళేదే. 1934లో జిజెల్ వేసిన మొదటి బ్రిటిష్ డాన్సర్ అలీసియా మార్కోవా 1963లో ఆట మానేశాక ఎంతమందికి నేర్పారో మీకు తెలుసు. కానీ దీన్ని ఓదార్పు బహుమతిలా ఇవ్వకండి. జీతం, హోదా, పోస్టరు మీద పేరు, అన్నీ మాట్లాడి ఇవ్వండి. జిజెల్ తల్లి పాత్ర ఇవ్వచ్చన్న ఆలోచన మీకు వచ్చిందని రాశారు. ఆమె తనంతట తాను అడిగితే తప్ప ఆ మాట ఎత్తొద్దు. వేరే జీవితం కావాలంటే డాన్సర్స్ కెరీర్ డెవలప్‌మెంట్ అనే సంస్థ 1973 నుంచి ఆట మానేసినవాళ్ళకి కొత్త చదువులకి సాయం చేస్తోంది, ఆ దారి కూడా చెప్పండి.

ఆమెకి కోపం రావచ్చు, కంపెనీ వదిలి వెళ్ళిపోనూ వచ్చు. మొదటి ఏడాది జీతం లేకుండా చేసినదానికి మీరు ఋణపడి ఉన్నారు. ఆ ఋణం మాట వేరు, జిజెల్ పాత్ర మాట వేరు. వీలైనప్పుడు ఆ జీతాన్ని జీతంగానే తీర్చండి. పోస్టర్లు అచ్చుకి వెళ్ళాక ఆమెకి తెలియడం అన్నిటికన్నా అన్యాయం.

“భారతీయ కథ” ప్రశ్న గురించి. దీనికి జవాబు చెప్పాల్సిన అవసరం మీకు లేదన్నది మొదటి మాట. స్వాన్ లేక్ అన్నది దాన్ని నేర్చుకోవడానికి బాల్యం ధారపోసినవాళ్ళందరిదీ, వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడివాళ్ళయినా సరే. రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా 1923లో లండన్‌లో ఉదయ్ శంకర్‌తో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేయడం, బ్యాలే నేర్చుకుంటున్న రుక్మిణీదేవికి మీ దేశపు కళ వైపు చూడమని సలహా ఇవ్వడం, 1936లో రుక్మిణీదేవి చేతుల మీదుగా కలాక్షేత్ర నృత్యపాఠశాల పుట్టడం, ఈ కథని మీకు ఎవరో ఒకరు ఉదాహరణగా చెప్పే ఉంటారు. రుక్మిణీదేవి తన ఇష్టంతో అటు వెళ్ళారు. ఎవరో గ్రాంటు దరఖాస్తులో గడి నింపమన్నందుకు కాదు. భారతీయ కథ అడిగేవాళ్ళకి 1877 నాటి లా బయదేర్ గుర్తుచేయొచ్చు. మన దేవాలయ నర్తకి కథ అది, రష్యాలో కూర్చుని ఊహించినది. మూడో అంకంలో కొండవాలు మీంచి తెల్లని నీడలు ఒక్కొక్కటే దిగి వచ్చే దృశ్యం అద్భుతమే. ఆ ఆలయాన్నీ ఆ ఫకీర్లనీ మాత్రం మనం గుర్తుపట్టలేం.

ఎప్పుడో ఒకరోజు మీకే చేయాలనిపిస్తే ఆర్థర్ మిచెల్ పద్ధతి చూడండి. న్యూయార్క్ సిటీ బ్యాలేలో పేరు తెచ్చుకున్న ఈ నల్లజాతి డాన్సరు 1969లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం స్థాపించాడు. క్లాసిక్స్ ఆడాడు. 1984లో జిజెల్‌ని లూసియానాలోని స్వేచ్ఛాయుత నల్లవాళ్ళ సమాజంలోకి మార్చి ఆడించాడు. సంగీతం అదే, అడుగులు దాదాపు అవే, మనుషులు తనవాళ్ళు. ఒంటి రంగుకి సరిపోయే మేజోళ్ళు, షూస్ తన డాన్సర్లకి అలవాటు చేసిందీ ఆయనే. 2018లో లండన్‌లోని బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి ఫ్రీడ్ సంస్థ గోధుమ రంగు పాయింట్ షూస్ తయారుచేయడం మొదలుపెట్టింది. మీ ఇద్దరమ్మాయిలకి ఆ షూస్ కొనివ్వండి. ఇంత అప్పులో ఉండగా ఖర్చు పెట్టమంటున్నానేమిటా అనుకోకండి, ఇది మాత్రం ఆగకూడని ఖర్చు. భారతీయ కథ కాదంటే ఒకటి రెండు గ్రాంట్లు పోతాయి. ఒప్పుకుంటే డబ్బు వస్తుంది కానీ తర్వాత నాలుగేళ్ళు మిమ్మల్ని అదే అడుగుతారు. రెండూ నిజమే, ఏ నష్టం మీరు మోయగలరో మీకే తెలియాలి.

పాప గురించి, మీవారి గురించి తక్కువే రాశారు. మన సురభి నాటక సమాజాల్లో పిల్లలు తెర వెనకే పెరిగారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ బృందాలు కుటుంబం మొత్తాన్ని వెంటేసుకునే ఊరూరా తిరిగాయి. మీ పాపకి బడి మానుకుని వ్యాను ఎక్కడం కుదరదు. సెలవుల్లో తీసుకెళ్ళొచ్చు, అంతే. కాబట్టి ప్రశ్న తిరగేద్దాం. ప్రతి టూరులోనూ మీరుండాలా? 1956లో జాఫ్రీ ఆరుగురు డాన్సర్లని అరువు తెచ్చిన స్టేషన్ వ్యాగన్‌లో టూరుకి పంపి, తను న్యూయార్క్‌లోనే ఉండి పాఠాలు చెప్పి వాళ్ళ జీతాలు సంపాదించాడు. టూరు బాధ్యత అతని సహచరుడు జెరాల్డ్ ఆర్పినో చూసుకున్నాడు. చిన్నప్పుడు తెలియకుండానే పోలియో సోకి, ఆ దెబ్బతో స్టేజికి దూరమైన నినెట్ డి వాల్వా అనే డాన్సరు 1926లో లండన్‌లో స్కూలు పెట్టి, దాని మీద 1931లో కంపెనీ కట్టారు. నేటి రాయల్ బ్యాలే అదే. పావ్లోవా సైతం ఊరూరా తిరిగినన్నాళ్ళూ వ్యాపారమంతా విక్టర్ దాంద్రే చూసుకునేవాడు. 1931 జనవరిలో టూరు మధ్యలో, ద హేగ్‌లో, యాభై నిండకుండానే ఆవిడ పోయారు. కంపెనీ ఆవిడతోనే చెదిరిపోయింది. వ్యానూ మీరే, టేపూ మీరే, టికెట్లూ మీరే అయిన కంపెనీకి నాకు కనపడుతున్న భయం ఇదే.

మీ ఊళ్ళో స్కూలు పెడితే నెలనెలా ఫీజులు వస్తాయి, ఇంట్లో ఉంటారు, కానీ వసంతంలో స్టేజి వాసన తగలదు. టూరు మేనేజరుని పెట్టుకుంటే ఇంకో జీతం. ఏడాది టూర్లు ఆపి డిసెంబర్ ఒక్కటే ఆడినా చచ్చిపోయినట్టు కాదు. హార్లెం కంపెనీ అప్పులతో 2004లో ఆగింది, స్కూలు నడుస్తూనే ఉంది, 2012లో కంపెనీ మళ్ళీ స్టేజి ఎక్కింది. 1978లో హెరాల్డ్ కింగ్ పెట్టిన లండన్ సిటీ బ్యాలే ఊరూరా తిరిగి 1996లో డబ్బుల్లేక మూతపడింది. క్రిస్టఫర్ మార్నీ అనే డాన్సరు పూనుకుంటే 2024లో మళ్ళీ టూరు బయల్దేరింది. అయితే ఒకటి, ఆపితే మీ డాన్సర్లు మీకోసం కాచుకుని కూర్చోరు. వాళ్ళ బతుకులు వాళ్ళవి. ఆపేట్టయితే వాళ్ళకి నాలుగైదు నెలల ముందే చెప్పాలి.

శరత్తులో జిజెల్ టూరు ఎలాగూ ఒప్పుకున్నారు. అందులో ఒక పదిరోజులు మీరు వెళ్ళకుండా, మీ స్నేహితురాలికి క్లాసూ రిహార్సల్సూ, వయసులో పెద్దవాడైన ఒక డాన్సరుకి వ్యానూ లెక్కలూ అప్పగించి, వాళ్ళకి అదనపు జీతమిచ్చి పంపి చూడండి. రోజుకి ఒక ఫోన్ మించి చేయకండి. ఏది తడబడింది, ఏది మీరు లేకపోయినా జరిగిపోయింది అన్నది వాళ్ళు వచ్చాక కూర్చుని రాసుకోండి. ఆ రోజుల్లో ఒక సాయంత్రం మీవారికి అప్పుల కాగితం చూపించండి. ఈ రెండూ అయ్యాక నాకు మళ్ళీ రాయండి. స్థలం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.